వీక్ష, విభ, విరజ: ‘వీ’ అక్షరం వచ్చిన రాయగడ పాపకు ఏ పేరు?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాప రోహిణి మూడో పాదంలో పుట్టింది, పంతులుగారు ‘వీ’ అక్షరం అన్నారు. మీరు వీక్ష, విభ, విరజ అని మూడు పేర్లు ఏరుకున్నారు. ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో అర్థం కనిపిస్తోంది. ఇంతలో ఎదురింటి ఒడియా ఆవిడ ఆ పేర్లన్నీ ‘బ’తో పలికేసరికి, అక్షరం మారితే నక్షత్రం మారినట్టే కదా అని మీ అత్తగారికి టెన్షన్ పట్టుకుంది. పైగా మీ మామగారి తల్లి పేరు పైడితల్లి, అది కూడా ఎక్కడో ఒకచోట కలవాలి. బారసాల ఇంకా తొమ్మిది రోజులుంది.

నేను ఒడిశా–ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో ముప్పై నాలుగేళ్లు తెలుగు పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. బడి తెరిచే రోజుల్లో అడ్మిషన్ రిజిస్టరు ఎప్పుడూ నా నెత్తినే పడేది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాగితం మీద ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య నలిగిన పేర్లు ఎన్ని చూశానో లెక్కలేదు. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు వీక్ష సంగతి. నెట్‌లో దీనికి జ్ఞానమనీ, దివ్యదృష్టి అనీ ఏవేవో రాస్తున్నారు. అసలు మాట చాలా మామూలుది. సంస్కృతంలో ‘ఈక్ష్’ అనే ధాతువుకు, అంటే మాట మూలానికి, చూడడమని అర్థం. దాని ముందు ‘వి’ చేరితే వీక్ష, అంటే చూపు. టీవీలో ‘వీక్షకులకు నమస్కారం’ అంటారే, అదే మాట. ఇదే ధాతువుకు ముందు ‘ప్రతి’ తగిలిస్తే ప్రతీక్ష, ఎదురుచూపు. ‘సం’ తగిలిస్తే సమీక్ష. ‘ఉప’ తగిలిస్తే ఉపేక్ష, పట్టించుకోకపోవడం. ‘పరి’ తగిలిస్తే పరీక్ష. ప్రతీక్ష, సమీక్ష ఆడపిల్లల పేర్లయిపోయాయి. పరీక్ష జోలికి మాత్రం నేను చూసిన రిజిస్టర్లలో ఎవరూ పోలేదు!

అర్థంలో తప్పేమీ లేదు. కానీ మీరుండేది ఒడిశాలోని రాయగడలో. ఒడియావాళ్లు ‘వ’ను ‘బ’ అంటారు, ‘క్ష’ను ‘ఖ్య’ అంటారు. శిక్ష వాళ్లకు శిఖ్యా, అక్షయ ఒఖ్యొయొ. ఆ లెక్కన మీ వీక్ష వాళ్ల నోట బీఖ్యా అవుతుంది. మరి భిక్షను వాళ్లేమంటారో తెలుసు కదా, భిఖ్యా. రేపు బడిలో హాజరు పిలుస్తుంటే ఆ ‘బ’కూ ‘భ’కూ తేడా ఏ పిల్లవాడు ఆగి వింటాడు? హైదరాబాద్‌లో ఉండేవాళ్లయితే నిక్షేపంగా పెట్టుకోమనేవాణ్ణి. మీకు మాత్రం వద్దంటాను.

ఇక మీ అత్తగారి భయం. ఆవిడది ఉత్త చాదస్తమని కొట్టిపారేయకండి, ఆవిడ లెక్క ఆవిడకుంది. ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. దీన్ని అవకహడ చక్రమంటారు. మన తెలుగు పంచాంగాల్లో రోహిణికి ఓ, వా, వీ, వూ. మూలకు యే, యో, బా, బీ. అంటే ‘వీ’ కాస్తా ‘బీ’ అయితే పాప రోహిణి నుంచి ఎగిరి మూలలో పడ్డట్టు! మూలా నక్షత్రం ఆడపిల్ల అంటే మన పెద్దవాళ్లు ఎంత గాభరా పడతారో చెప్పక్కర్లేదు.

ఈ గాభరాకు మందు ఆ చక్రంలోనే ఉంది. ఉత్తరాది పంచాంగాల్లో మూలకు యే, యో, భా, భీ అని ఉంటుంది. అక్కడ మూలది ఒత్తు ‘భ’, ఒత్తు లేని ‘బ’ కాదు. మన జాబితా, వాళ్ల ఉచ్చారణ కలిపి చూస్తేనే ఈ గొడవ పుడుతుంది. దేని దారిన దాన్ని చూస్తే పాప ఎక్కడికీ పోదు, రోహిణిలోనే ఉంటుంది. ఇంకా అనుమానముంటే మీ పంతులుగారిని ‘వబయోరభేదః’ అన్న మాట అడగండి. వకార బకారాలకు భేదం లేదని పండితుల్లో నలిగిన మాటే అది. ఆవిడకు మీరు చెబితే వినరేమో గానీ ఆయన నోట వస్తే వింటారు.

అక్షరం మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదని చెప్పడానికి ఆ చక్రమే సాక్ష్యం. ఆర్ద్రలో ఒక పాదానికి ‘ఙ’ ఉంటుంది, హస్తలో ఒక పాదానికి ‘ణ’. ఙకారంతో మొదలయ్యే పేరు ఎవరికైనా విన్నారా? ఆ పాదాల్లోనూ పిల్లలు పుడుతూనే ఉన్నారు, పంతుళ్లు పక్క అక్షరం సర్దుతూనే ఉన్నారు. దీర్ఘం ‘వీ’ అన్నా హ్రస్వం ‘వి’తో పేరు పెట్టడం అందరూ చేసేదే. ఒడియా పలుకుబడిలో ఆ రెంటికీ తేడా కూడా వినిపించదు.

‘వ’ ‘బ’ అవడం తప్పు కూడా కాదు, ఆ భాష తీరు అంతే. ఒడిశా ముఖ్యమంత్రిగా చేసిన బిజూ పట్నాయక్ పూర్తి పేరు బిజయానంద, మన విజయానందుడే. గంజాం జిల్లా ఘుముసరకు చెందిన ఉపేంద్ర భంజ రాసిన ‘బైదేహీశ బిళాస’ కావ్యంలో ప్రతి పాదమూ ‘బ’తోనే మొదలవుతుంది. వైదేహి ఆ నేలమీద బైదేహి కాబట్టే అంత పెద్ద కావ్యం ఆ ఒక్క అక్షరం మీద నడిచింది. అలాగే మాట మొదట్లో ‘య’ వాళ్లకు ‘జ’. యశోద జశోదా, యమున జమునా, రాజు యయాతి కేసరి జజాతి కేశరి. ఇంకో సంగతి, ఋకారం దగ్గర మాత్రం మనమూ వాళ్లూ ఒక్కటే. హిందీవాళ్లు క్రిష్ణ అంటారు, మనం క్రుష్ణ అంటాం, ఒడియావాళ్లూ క్రుష్ణ అనే అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక 1937లో మొదటి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) అయిన మా పర్లాకిమిడి మహారాజా పేరును ఇంగ్లీషులో కూడా క్రుష్ణచంద్ర గజపతి అనే రాస్తారు.

ఈ ‘య–జ’ వ్యవహారం కాగితం మీద ఏం చేస్తుందో ఒకటి చెప్తాను. ఒక ఏడాది వానాకాలంలో, స్కూల్ వదిలే వేళకు ఒక తండ్రి వచ్చాడు. గొడుగు గుమ్మం దగ్గర నిలబెట్టి, చొక్కా లోపల దాచుకున్న ప్లాస్టిక్ కవరు తీసి రెండు కాగితాలు నా బల్లమీద పక్కపక్కన పరిచాడు. ఒకటి కుల ధ్రువీకరణ, అందులో యామిని. రెండోది పరీక్ష ఫారం నకలు, అందులో జామిని. ‘ఈ జామిని ఎవరు మాస్టారూ, మా పిల్ల యామిని కదా’ అన్నాడు. తప్పు ఎవరిదని చెప్పను? చిన్న బడిలో ఒడియాలో రాసినవాడు సరిగ్గానే రాశాడు. ఒడియాలో మాట మొదట వచ్చే ఆ అక్షరాన్ని ‘జ’ అనే చదువుతారు. అది చూసి ఇంగ్లీషులోకి దించినవాడు చదివినట్టే దించాడు. ఎవరి మటుకు వాళ్లు సరే, పిల్ల మాత్రం ఇద్దరయింది. చివరికి అఫిడవిట్టు, పేపర్లో ప్రకటన, ఒక ఆఫీసు చుట్టూ దాదాపు రెండేళ్ల ప్రదక్షిణలు. బెంగాల్ చిత్రకారుడు జామినీ రాయ్ పేరు కూడా ఈ యామినే, రాత్రి అని అర్థం. అక్కడ అందరూ జామిని అనే అంటారు కాబట్టి ఆయనకా ఇబ్బంది లేదు. సరిహద్దులో ఉన్నవాళ్లకే ఈ బాధ.

ఇప్పుడు విభ. మంచి పేరు, పొట్టి పేరు. ‘భా’ ధాతువుకు ప్రకాశించడమని అర్థం. విభ అంటే వెలుగు. ప్రభ, ఆభ, ప్రతిభ, భాను, భాస్కర, ప్రభాకర, అన్నీ ఈ ఇంటివే. విభావరి కూడా. అది రాత్రి, చుక్కలతో మెరిసే రాత్రి. శోభ మాత్రం ఈ ఇంటిది కాదు, చూడ్డానికి చుట్టంలా కనిపిస్తుంది గానీ దాని ధాతువు ‘శుభ్’. శుభ, శుభ్ర, శోభన దాని వైపు వాళ్లు. పేర్ల వెబ్‌సైట్లు దెబ్బతినేది ఇలాంటి చోటే. చివర అక్షరం కలిసిందంటే చాలు, అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు.

‘జ’తో ముగిసే పేర్లు చూడండి. ‘జ’ అంటే పుట్టినది. నీరజ, జలజ, వారిజ, అంబుజ, పంకజ: నీళ్లలోనో బురదలోనో పుట్టింది, అంటే తామర. గిరిజ, శైలజ: కొండకు పుట్టింది, పార్వతి. వనజకు రెండు దార్లున్నాయి, వనమంటే అడవీ అవుతుంది, నీళ్లూ అవుతుంది. ‘ద’తో ముగిస్తే ఇచ్చేది. నీరజ తామరైతే, నీరద నీళ్లిచ్చేది, మేఘం. యశోద కీర్తినిచ్చేది. ఇది చదివి శారద అంటే ‘శార’ను ఇచ్చేది అనుకున్నారో, బోల్తా పడ్డట్టే. శారద శరత్తు నుంచి వచ్చింది. మాట మధ్యలో కత్తి ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ఇంతే.

మీ మూడో పేరు విరజ సరిగ్గా ఇలాంటిదే. చూడగానే ‘విర’కు పుట్టింది అనిపిస్తుంది, కొందరు వీరుడికి పుట్టింది అని కూడా రాసేస్తారు. కాదు. ఇక్కడ కత్తి ‘వి’ తర్వాత పడాలి. వి, రజస్. రజస్సు అంటే దుమ్ము, రజోగుణం అని కూడా. ‘వి’ అంటే ఇక్కడ లేనిది. దుమ్ము అంటనిది, మాలిన్యం లేనిది. విమలకు కూడా అదే అర్థం, మలం లేనిది. అదే ‘వి’ విజయలో లేమిని కాదు, విశేషాన్ని చెబుతుంది. జయం లేనిది అనుకుంటే కొంప మునుగుతుంది! ఒకే ఉపసర్గ ఒకచోట తీసేస్తుంది, ఇంకోచోట పెంచుతుంది. ఏ చోట ఏది అన్నది వాడుక చూసి తెలుసుకోవాల్సిందే.

నా ఓటు విరజకే. కారణం అర్థం ఒక్కటే కాదు. మీరుండే రాష్ట్రంలో ఈ పేరు దేవత పేరు. జాజ్‌పూర్‌లో బిరజా దేవి గుడి ఉంది, ఊరికే విరజా క్షేత్రమని పేరు. మన ఇళ్లలో సాయంత్రం చదువుకునే అష్టాదశ శక్తిపీఠ స్తోత్రంలో ‘ఓఢ్యాయాం గిరిజాదేవీ’ అని వస్తుంది చూడండి, ఆ గిరిజాదేవి ఈ అమ్మవారేనంటారు. వైష్ణవులకైతే వైకుంఠం పొలిమేరలో పారే నది విరజ. ఇక్కడి ఒడియా ఆవిడ బిరొజా అని పిలిచినా మీ పాప పేరు చెడిపోదు, అమ్మవారి పేరు ఆ నోట అలాగే పలుకుతుంది. రెండు నోళ్లలోనూ నిలబడే పేరు సరిహద్దులో దొరకడం కష్టం, మీకు చేతిలోనే ఉంది.

పాత గ్రంథాల ప్రకారం చూసినా ఇది కుదిరింది. పారస్కర గృహ్యసూత్రం మగపిల్లవాడి పేరు రెండు లేక నాలుగు అక్షరాలుండాలని, ఆడపిల్ల పేరు బేసి అక్షరాలతో ఉండి ఆకారంతో ముగియాలని అంటుంది. విరజా, మూడక్షరాలు, చివర ఆకారం. తెలుగులోకి వచ్చేసరికి మనం ఆ దీర్ఘాన్ని కుదించేస్తాం. సీతా సీత అయింది, రాధా రాధ అయింది. ఒడియాలో దీర్ఘం అలాగే నిలిచింది. అయితే స్మృతులు చెప్పినవన్నీ పాటించాలని నేననను. ఆడపిల్ల పేరు సుఖంగా పలికేలా, స్పష్టమైన అర్థంతో, మనసుకు హాయిగా, దీర్ఘాంతంగా ఉండాలని మనుస్మృతి చెప్పినంతవరకు బాగానే ఉంది. అదే గ్రంథం ఇంకోచోట నక్షత్రం పేరు, చెట్టు పేరు, నది పేరు, కొండ పేరు ఉన్న పిల్లను చేసుకోకూడదంటుంది. ఆ లెక్కన మన రోహిణులూ తులసులూ గంగలూ గోదావరులూ అందరూ పుట్టింట్లోనే ఉండిపోవాలి. జనం దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేశారు.

నదులంటే గుర్తొచ్చింది, మన చుట్టూ ఉన్న ఏళ్ల పేర్లు చూశారా? మీ దిగువన గుణుపురం మీదుగా పోయేది వంశధార. మా ఊరి పక్కన మహేంద్రతనయ, అంటే మహేంద్రగిరి కూతురు. గంజాంలో ఋషికుల్య, ఋషుల కాలువ. ఆ ఋషికుల్య గట్టున కొండమీద తారాతారిణి గుడి. తారిణి అంటే దాటించేది, ‘తౄ’ ధాతువు. ఆ గుడిలో తార అన్నా అదే, కష్టాలు దాటించే తల్లి. ఆకాశంలో తార వేరే మాట. ఒకే రూపం, రెండు పుట్టుకలు. మీ చుట్టాల్లో తార అనే పాప ఉంటే, చుక్క అని పెట్టారో తల్లి అని పెట్టారో పెట్టినవాళ్లనే అడగాలి.

ఒకే పేరుకు రెండర్థాలుంటే ఒకటి తప్పనుకోకండి. పరీక్షిత్తు పేరు ఎందుకొచ్చిందంటే భారతం ఒక కారణం చెప్తుంది: కులం పరిక్షీణమైపోతున్న వేళ పుట్టాడు కాబట్టి. భాగవతం ఇంకోటి చెప్తుంది: గర్భంలో ఉండగా చూసిన ప్రభువు ఇతడేనా అని కనబడ్డ ప్రతి మనిషినీ పరీక్షించాడు కాబట్టి. వేంకట శబ్దానికి ‘వేం’ అంటే పాపాలు, ‘కట’ అంటే దహించేది అని భక్తులు చెప్పుకుంటారు. అది భక్తి కోసం కట్టిన అర్థం, దాని విలువ దానిది. కానీ వేంగడం అన్న కొండ పేరు తమిళుల తొల్కాప్పియం ముందుమాటలోనే తమిళనేలకు ఉత్తరపు హద్దుగా కనిపిస్తుంది. సంస్కృతపు విడదీత తర్వాత వచ్చి చేరింది. ఎవరైనా ఒక పేరుకు అర్థం చెబితే, అది మాట పుట్టుకా, మాటకు తొడిగిన కథా అని అడగండి, అంతే.

మీరు చివర్లో వైదేహి, జాహ్నవి లాంటివి ఎలా పుట్టాయని అడిగారు. అందులో చక్కని కిటుకుంది. ‘ఫలానావారి బిడ్డ’, ‘ఫలానా చోటిది’ అని చెప్పాలంటే సంస్కృతంలో మొదటి అచ్చు ఉబ్బుతుంది. జనకుడి కూతురు జానకి. విదేహ నుంచి వైదేహి, మిథిల నుంచి మైథిలి. జహ్నువు కూతురు జాహ్నవి, భగీరథుడు తెచ్చింది భాగీరథి. పర్వతం నుంచి పార్వతి, హిమవంతుడి నుంచి హైమవతి. దశరథుడి కొడుకు దాశరథి, రఘువంశంవాడు రాఘవుడు, సుమిత్ర కొడుకు సౌమిత్రి, కుంతి కొడుకు కౌంతేయుడు. గాంధారి, మాద్రి, కైకేయి, కౌసల్య: వీళ్లవి సొంత పేర్లు కూడా కావు, పుట్టింటి దేశాల పేర్లు. మన పల్లెల్లో కోడళ్లను ‘పాతపట్నం పిల్ల’, ‘టెక్కలి ఆవిడ’ అంటారే, సరిగ్గా అదే. భారత రామాయణాల మహారాణులకు కూడా ఆ గతే పట్టింది! సీత ఒక్కతే వేరు. సీత అంటే నాగలి చాలు. అందుకే మన రైతులకు ఆ పేరంటే అంత దగ్గరతనం.

ఇక పైడితల్లి. మీ రాతలో ఆ పేరు దగ్గర కొంచెం మొహమాటం కనిపించింది, అందుకే ఇది చెప్తున్నాను. పైడి అంటే బంగారం, అచ్చమైన తెలుగు మాట. విజయనగరం అమ్మవారి పేరు. కనక, హేమ, సువర్ణ అంటే ఫ్యాషన్, పైడి అంటే పాతకాలం అనుకోవడం మన బలహీనతే తప్ప మాటలో లోపం లేదు. హిందూ పేర్లన్నీ సంస్కృతం నుంచి రాలేదు. సింహాద్రి అప్పన్నలో అప్ప అంటే తండ్రి. అందుకే అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, అప్పలనరసమ్మలు శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా ఉన్నారు. సింహాచలం, ముఖలింగం, కూర్మారావు, ఇవి విన్నాక మనిషిది ఏ వైపో వేరే చెప్పక్కర్లేదు. గుంటూరులో ముఖలింగం అంటే తిరిగి చూస్తారు, మన దగ్గర వీధికొకరు.

తవిటయ్య, తవిటమ్మ అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. వరసగా పిల్లలు పోతుంటే, పుట్టిన బిడ్డను ఎవరి చేతికో ఇచ్చేసి చాటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కునేవారు. ఇది మా బిడ్డ కాదు, తవుడుకు కొన్నది, దీన్ని వదిలెయ్ అని మృత్యువును మాయ చేయడం. పెంటయ్య అన్నా అదే ఉపాయం. ఒడియావాళ్లలో ఛకడి అనే పేరు విన్నారా? ఆరు గవ్వలు. వాళ్లు గవ్వలకు కొన్నారు, మనం తవుడుకు కొన్నాం. ఒడియా నవలాకారుడు ఫకీర్ మోహన్ సేనాపతికి పుట్టినప్పటి పేరు బ్రజమోహన్. చిన్నప్పుడు జబ్బుచేసి చావు అంచులదాకా వెళ్తే నాయనమ్మ పీర్లకు మొక్కుకుంది, అలా ఫకీర్ అయ్యాడు. ఈ పేర్లకు నిఘంటువులో అందమైన అర్థాలు దొరకవు. కానీ వాటి వెనక ఒక తల్లి ఏడుపుంది.

అందుకని, బారసాల నాడు బియ్యంలో ఉంగరంతో రాసేటప్పుడు విరజ అని నక్షత్రనామం రాయండి, పక్కనే పైడితల్లి అని కూడా రాయించండి. ఒకే పిల్లకు రెండు మూడు పేర్లు రాయడం మనకు కొత్తేమీ కాదు. కాగితాల్లో విరజ ఒక్కటే ఉండనివ్వండి, ఇంట్లో పైడి అని పిలుచుకోండి. నన్నడిగితే వీక్ష కంటే పైడి ఎంతో ముద్దుగా ఉంది.

చివరిగా కాగితాల పని. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఒడియావాళ్లు పేరుపెట్టే ఏకోయిశా కూడా ఇరవై ఒకటో రోజే, గుర్తుపెట్టుకోవడం తేలిక. అప్పటికి పేరు తేలకపోయినా పరవాలేదు, పేరు లేకుండానే నమోదు చేయించి 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా అవకాశముంది. అయినా తాత్సారం చేయకండి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం నుంచి ఉద్యోగం దాకా పుట్టినతేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. ఇక్కడ పడ్డ తప్పు అన్నిటిలోకీ పాకుతుంది.

ఇంగ్లీషులో వి, ఐ, ఆర్, ఏ, జె, ఏ అని రాయించండి. మధ్యలో ఇంకో ఏ చేర్చనివ్వకండి, అప్పుడు విరాజ అయిపోతుంది. విరాజ్ వేరే మాట, ప్రకాశించడం, ఎక్కువగా మగపిల్లలకు పెడుతున్నారు. చివరి ఏ ఎగిరిపోయినా అదే ప్రమాదం. మొదటి అక్షరం బి పడకుండా చూసుకోండి. ఒడియా లిపిలో ‘బ’ ఉంటే ఉండనివ్వండి, అది వాళ్ల పద్ధతిలో సరైనదే, దాంతో తగువు పెట్టుకోవద్దు. ఇంటిపేరు మన పద్ధతిలో ముందు రాస్తే ఇక్కడి ఫారాల్లో అదే పిల్ల పేరని, విరజ ఇంటిపేరని ఎక్కే ప్రమాదముంది. ముందు విరజ, చివర ఇంటిపేరు, పొట్టి అక్షరం కాకుండా పూర్తిగా రాయండి. మీ ఆధార్‌లో, మీవారి ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

మాటతో చెప్పి రాయించకండి. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లోనూ పేరు రాసి మీవారి చేత పంపండి. ఒడియాలో రాయడం ఇబ్బందైతే ఎదురింటి ఆవిడనే అడగండి. పనిలో పనిగా మీ అత్తగారి ఎదుటే రాయించండి, బిరజా ఠాకురాణి (అమ్మవారు) గురించి ఆవిడే నాలుగు మాటలు చెబుతుంది.